బండి బ్యాటరీ ఏల డౌనగును? ఛార్జింగు దోషములను కనిపెట్టు విధము

సభ్యులు సంఘ కార్యాలయమునకు వచ్చినప్పుడు మమ్ము అడుగు ప్రశ్నలలో తెగుళ్లను గూర్చినవి, ఎరువులను గూర్చినవి మునుపు ఎక్కువగా నుండెడివి. ఇప్పుడు వానితో సమముగా బండ్లను గూర్చిన ప్రశ్నలు వచ్చుచున్నవి. ఇది సహజమే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలయందును, 2022 ఏప్రిలులో వేరుపడిన పార్వతీపురం మన్యము నందును దమ్ముచేయు ట్రాక్టరు, కూరగాయలను మోయు చిన్న సరకుల బండి, సెకండుహ్యాండున కొన్న పాత కారు లేని గ్రామము అరుదు. ఈ బండ్లన్నిటికిని తెల్లవారుజామున వచ్చు వ్యాధి యొకటే. "ఏటి బాబూ, మొన్ననే కొత్త బేటరీ ఏయించినాను, తెల్లారేసరికి సెల్ఫు తియ్యడం నేదు" అని రాజాము ప్రాంతపు రైతొకడు ఈ నడుమ మాతో మొరపెట్టుకొనెను. ఈ మాటను మేము పలుమారులు, పలువురి నోట వినియున్నాము. ఇందు గమనింపదగినది "కొత్త" యను పదము. కొత్త బ్యాటరీ వేసినను వ్యాధి పోలేదనగా వ్యాధి బ్యాటరీయందు లేదన్న మాట. దానిని మరియొకచోట వెదకవలెను.

బండి కదలకుండుట చిన్న విషయమని తలపరాదు. నాట్ల దినములలో వంశధార కాలువకు నీరు వదలినప్పుడు ఒక్క ఉదయము ట్రాక్టరు నిలిచెనేని కూలీలందరు గట్టుపై కూర్చుందురు. ఉద్దానమునందు మూత్రపిండముల వ్యాధిగ్రస్తులను వారమునకు రెండు మూడు సారులు పలాసకో, సోంపేటకో, టెక్కలికో డయాలసిసునకు తీసికొనిపోవు కార్లు తెల్లవారకమునుపే బయలుదేరవలసియుండును. అట్టి బండి సెల్ఫు తీయకున్నచో జరుగు నష్టము రూపాయలతో తేలునది కాదు. కావున దోషమును ముందుగా కనిపెట్టుట ఎట్లో, వర్కుషాపునకు పోకమునుపు రైతు తానై చూచుకొనదగినవి యేవో, ఈ సంచికయందు కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొదట ఈ ఏర్పాటు స్వరూపమును తెలిసికొనవలెను. మన మెట్ట ప్రాంతపు రైతునకు దీనిని చెరువుతో పోల్చి చెప్పుట సులభము. బ్యాటరీ చెరువు. ఇంజను తిరుగునప్పుడు బెల్టుచే తిరిగి విద్యుత్తును పుట్టించు ఆల్టర్నేటరు చెరువును నింపు ఏతము. నీరు మితిమీరి రాకుండ నదుపుచేయు రెగ్యులేటరు మదుము. తీగెలు కాలువలు. సెల్ఫు మోటారు, దీపములు, హారను, పాటల పెట్టె మొదలైనవి ఈ చెరువు క్రింది ఆయకట్టు. చెరువు ఎండిపోయినచో దానికి కారణములు నాలుగే: చెరువు పూడిపోయి నీరు నిలువకుండుట, ఏతము తోడకుండుట, కాలువ పూడియుండుట, ఎక్కడనో గండిపడుట. మెకానికు ఎన్ని పేర్లు చెప్పినను దోషము ఈ నాలుగింటిలో నొకటి కావలెను, లేదా రెండు కలసినవి కావలెను. కొత్త బ్యాటరీ కొనువాడు కొత్త చెరువు త్రవ్వించువాడు. ఏతము విరిగియున్నప్పుడు చెరువు త్రవ్వించి ఏమి లాభము?

సీసపు పలకలను గంధకామ్లమునందు ముంచి విద్యుత్తును నిలువచేయు పద్ధతిని 1859లో ఫ్రాన్సు దేశమునందు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నేటికిని మన బండ్లలో నున్నది ఆ జాతిదే. పన్నెండు ఓల్టుల బ్యాటరీయం దారు సెల్లులుండును. నిండుగా నున్న ఒక్కొక్క సెల్లునకు రమారమి 2.1 ఓల్టులు. మొదటి మోటారు బండ్లను చేతితో హ్యాండిలు త్రిప్పి నడుపుచుండిరి. చార్లెస్ కెటరింగు తయారుచేసిన సెల్ఫు స్టార్టరు 1912లో కాడిలాకు కార్లకు అమర్చబడిన పిమ్మట బ్యాటరీ లేని బండి లేకపోయెను. పూర్వము ఛార్జింగు పని డైనమో చేసెడిది. అది ఇంజను మెల్లగా తిరుగునప్పుడు దాదాపు ఏమియు నిచ్చెడిది కాదు. 1960 నుండి ఆల్టర్నేటరు క్రమముగా దాని స్థానము నాక్రమించినది. మన మెకానికులు నేటికిని ఆల్టర్నేటరును డైనమో యనియే పిలుతురు, రెగ్యులేటరును కటౌటు అందురు. పేరు ఏదైనను పని తెలిసిన చాలును. బ్యాటరీల పరిశ్రమ మనకు దూరమైనదియు కాదు: తిరుపతి యొద్ద కరకంబాడిలో 1985లో స్థాపింపబడిన అమరరాజా సంస్థ పేరు అందరు ఎరిగినదే, మన విజయనగరము జిల్లా పూసపాటిరేగ మండలమందలి కందివలసలో హెచ్.బి.ఎల్. సంస్థవారి కర్మాగారము గలదు.

ఇక పరీక్ష. చేతిలో ఏ పనిముట్టును లేకయే తెలియు సంగతులు చాల గలవు. డ్యాషుబోర్డుపై బ్యాటరీ బొమ్మగల ఎఱ్ఱదీప మొకటి యుండును. దీనిని మనవారు చూచియు చూడరు. తాళమును త్రిప్పి ఇంజను నడపకుండ నుంచినప్పుడు ఈ దీపము వెలుగవలెను; ఇంజను నడచిన వెంటనే ఆరవలెను. ఇట్లేల యనగా, పాత ట్రాక్టర్లలోను పెక్కు కార్లలోను ఈ దీపమునకు ఒక కొస బ్యాటరీ ప్రక్కను, రెండవ కొస ఆల్టర్నేటరు ప్రక్కను ఉండును. ఇంజను ఆగియున్నప్పుడు ఒక ప్రక్క పన్నెండు ఓల్టులు, రెండవ ప్రక్క శూన్యము. కావున దీపము గుండ విద్యుత్తు పారి అది వెలుగును. ఆల్టర్నేటరు పనిచేయగనే రెండు ప్రక్కల ఓల్టులు సమమగును. ఒకే మట్టముననున్న రెండు మళ్ల నడుమ నీరు పారనట్లు దీపము గుండ ఏమియు పారదు, దీపమారును.

ఈ సూత్రము గ్రహించినవానికి దీపమే సగము సంగతి చెప్పును. ఇంజను నడచుచున్నను దీపము నిండుగా వెలుగుచున్నచో ఏతము తోడుటలేదని యర్థము. బెల్టు తెగెనో, ఆల్టర్నేటరు లోపలి కార్బన్లు అరిగెనో, కటౌటు చెడెనో చూడవలెను. తాళము త్రిప్పినను దీపము అసలే వెలుగకున్నచో చాలమంది సంతోషింతురు. అది తప్పు. బల్బు కాలిపోయియుండవచ్చును, లేదా తీగె తెగియుండవచ్చును. అనేక బండ్లలో ఆల్టర్నేటరు మొదట మేలుకొనుటకు వలసిన కొద్దిపాటి విద్యుత్తు ఆ బల్బు గుండనే పోవును. రెండు కాసుల బల్బు మాడిపోయి ఆల్టర్నేటరు నిద్రపోవుచుండగా ఆల్టర్నేటరునే మార్చిన సందర్భములు లేకపోలేదు. దీపము మిణుగురువలె మసకగా వెలుగుచుండిన, లోపలి డయోడులలో నొకటి చెడినదనియో, ఎక్కడనో జాయింటు వదులైనదనియో అనుమానింపవలెను. తాళము తీసివేసిన పిమ్మటను దీపము వెలుగుచుండిన డయోడు కాలిపోయినదనుట దాదాపు నిశ్చయము. రాత్రి తెల్లవారులు బ్యాటరీ ఆ దారినే కారిపోవుచుండును. కొత్త కార్లలో ఈ దీపమును కంప్యూటరు పెట్టె నడపును గాన పైన జెప్పినదంతయు వానికి వర్తింపదు. అయినను ఇంజను నడచునప్పుడు ఎఱ్ఱదీపము మంచిది కాదనుట యన్నిటికిని సమానము.

తరువాత బెల్టు. ఇంజనును ఆపి, తాళము చేతబట్టుకొని చూడవలెను. మెడలో తువాలు, జారుపైట, చేతి కంకణములు బెల్టు దరికి రానీయరాదు. దీనివలన వ్రేళ్లు పోగొట్టుకొన్నవారున్నారు. పొడవైన భాగము నడుమ బొటనవ్రేలితో నొక్కినచో రమారమి అర అంగుళము క్రుంగవలెను. అంతకన్న వదులైన జారును, మిక్కిలి బిగువైన ఆల్టర్నేటరు బేరింగులను తినివేయును. స్ప్రింగుతో తానే బిగియు బెల్టు గల బండ్లలో ఈ కొలత లేదు, పగుళ్లు మాత్రము చూడవలెను. బెల్టు లోపలి ముఖము అద్దమువలె మెరయుచున్నచో అది జారుచున్నదని తెలియదగినది. దమ్ము చేసిన ట్రాక్టరునకు బురద, గడ్డిపరకలు పుల్లీయందు చేరి బెల్టును జార్చుట మన ప్రాంతమున సాధారణము. దీపములు వేసినప్పుడు కీచుమను ధ్వని వచ్చిన బెల్టే మాటాడుచున్నదని తెలియునది. పగటిపూట మంచిగానుండి రాత్రి దీపములు వేసినప్పుడే బ్యాటరీ దిగిపోవు బండ్లలో మేము మొదట చూచునది బెల్టునే.

పిదప బ్యాటరీ టెర్మినళ్లు. ఇచ్ఛాపురము నుండి భోగాపురము వరకు సముద్రతీరపు గ్రామములలో ఉప్పుగాలి ఎడతెగక వీచును. ఇనుము త్రుప్పు పట్టునట్లే టెర్మినళ్లపై తెల్లని, పచ్చని బూజువంటి పదార్థము పేరుకొనును. దాని గుండ విద్యుత్తు పారుట పూడిన కాలువ గుండ నీరు పారుటవంటిది. పైకి బిగువుగానే కనిపించును. లోపల సీసమునకు సీసము తగులదు. దీనిని తీయుటకు మొదట నల్లని ఎర్తు తీగెను విప్పి తరువాత ఎఱ్ఱ తీగెను విప్పవలెను. మరల బిగించునప్పుడు ఎఱ్ఱది ముందు, నల్లది చివర. ఈ వరుస తప్పినచో స్పానరు ఎఱ్ఱ టెర్మినలునకును బండి యినుమునకును ఒకేసారి తగిలి నిప్పులు చిమ్మును. వంటసోడాను గోరువెచ్చని నీటియందు కలిపి పోసిన బూజు పొంగి కరగును. సోడానీరు సెల్లులలోనికి పోకుండ మూతలు బిగించియుంచవలెను. కడిగి, తుడిచి, బిగించిన తరువాత పైన కొంచెము వాజలీను పూసిన ఉప్పుగాలి చాలకాలము దరిచేరదు. వాజలీను బిగింపకమునుపు లోపల పూయువారు కలరు. అది మంచి అలవాటు కాదు.

ఇంతవరకు కంటితో, చేతితో చేయు పరీక్ష. ఇక మీటరు కావలెను. సాధారణమైన డిజిటల్ మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకు దొరకును; ఒక బ్యాటరీ ధరలో అది చాల స్వల్పభాగము. దానిని డి.సి. ఓల్టులు ఇరువది యను గుర్తునొద్ద నుంచి, ఎఱ్ఱ పుల్లను ధన టెర్మినలుకును నల్ల పుల్లను ఋణ టెర్మినలుకును తాకించవలెను. తాకించునది టెర్మినలుపై బిగించిన క్లాంపునకు కాదు, లోపలి సీసపు కంబమునకే.

మొదటి కొలత బండి రాత్రియంతయు నిలిచియున్న పిదప, ఉదయము తాళము త్రిప్పకమునుపు తీయవలెను. ఇంజనును ఆపిన వెంటనే కొలిచిన పైపై నురుగువంటి ఛార్జి యుండి ఎక్కువ చూపి మోసగించును. 12.6 ఓల్టులు గాని అంతకు కొంచెము పైన గాని యున్న బ్యాటరీ నిండుగా నున్నది. 12.4 యున్న ముప్పాతిక, 12.2 యున్న సగము, 12.0 యున్న పాతికయే మిగిలియున్నది. ఇట్లు సగముకన్న తక్కువలో వారములకొలది నిలిచిన బ్యాటరీ పలకలపై సీసపు ఉప్పు గట్టిపడి పేరుకొనును. దీనినే సల్ఫేషను అందురు. అదియే చెరువు పూడిక. కొంత పూడిక నిదానమైన ఛార్జింగుతో కరగును, ముదిరినది కరగదు. సెల్లులకు మూతలు గల బ్యాటరీ యైనచో హైడ్రోమీటరుతో ఒక్కొక్క సెల్లును చూచుట ఓల్టులు చూచుటకన్న మేలు. నిండిన సెల్లు 1.250 మొదలు 1.280 వరకు చూపును, సగమున్నది 1.190 ప్రాంతమున నుండును. ఐదు సెల్లులు మంచిగానుండి ఒక్కటి మాత్రము 0.050 గాని అంతకన్న గాని తక్కువ చూపెనేని ఆ సెల్లు చచ్చినది. ఆ బ్యాటరీకి ఇక వైద్యము లేదు. అన్నియు సమముగా తక్కువయున్న తప్పు బ్యాటరీది కాకపోవచ్చును, దానికి మేత అందుటలేదు.

రెండవ కొలత సెల్ఫు కొట్టునప్పుడు. ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు మీటరు చూడవలెను. ఓల్టులు కొంత పడిపోవుట సహజము, 9.6కు దిగువకు పోరాదు. ముందు 12.6 చూపి, సెల్ఫు కొట్టగనే 7కో 8కో జారినది బలహీనమైన బ్యాటరీ. ఓల్టులు పెద్దగా పడకయే సెల్ఫు మందముగా తిరిగిన లేక టక్కుమని ఊరకున్న, దోషము తీగెలలోగాని సెల్ఫు మోటారులోగాని గలదు.

మూడవది అన్నిటికన్న ముఖ్యము. ఇంజనును నడపి, కొంచెము వేగము పెంచి, దీపములు ఆర్పియుంచి బ్యాటరీ యొద్ద కొలువవలెను. 13.8 నుండి 14.5 వరకు ఉన్న మంచిది. పిమ్మట పెద్ద దీపములు, ఫ్యాను, ఇతర భారములు వేసి మరల చూడవలెను, అప్పుడును 13.5కు దిగకున్న ఏతము బలముగా తోడుచున్నదని నిశ్చింతగా నుండవచ్చును. ఇంజను నడచుచుండగా 12.4, 12.3 అని నెమ్మదిగా దిగిపోవుచున్న ఛార్జింగు ఏమాత్రము లేదు. 13.0 ప్రాంతమున నిలిచిన ఛార్జింగు చాలదు. 14.8 దాటినచో మితిమీరినది.

తక్కువ వచ్చినప్పుడు పలువురు చేయు పని ఆల్టర్నేటరును విప్పి తీసికొనిపోవుట. విప్పకమునుపు మరి రెండు నిమిషములు వెచ్చింపవలసినదని మా గట్టి సలహా. ఆల్టర్నేటరు వెనుకనున్న లావుపాటి తీగె బిగించిన మేకుకు మీటరు ఎఱ్ఱ పుల్లను, బ్యాటరీ ధన కంబమునకు నల్ల పుల్లను తాకించి, ఇంజను నడచుచు దీపములు వెలుగుచుండగా చూడవలెను. ఇవి ఒకే తీగెకు రెండు కొసలు. నడుమ భేదము 0.3 ఓల్టుకు మించరాదు. అర ఓల్టో, ఒక ఓల్టో చూపెనేని ఏతము తోడుచునే యున్నది, నీరు కాలువలోనే నిలిచిపోవుచున్నది. అట్లే ఆల్టర్నేటరు లోహపు శరీరమునకును బ్యాటరీ ఋణ కంబమునకును నడుమ కొలువవలెను. ఇచట 0.2కు మించరాదు. ఈ రెండవ పరీక్షను పనివారు సైతము తరచుగా మరతురు. ఏలయన ఎర్తు తీగెను ఎవరును లెక్కచేయరు.

చీపురుపల్లి ప్రాంతమున సభ్యులొకరి ట్రాక్టరునకు ఒక వర్కుషాపువారు ఒక్క ఏడాదిలో బ్యాటరీ నొకసారి, ఆల్టర్నేటరు నొకసారి మార్చిరి. అయినను ఉదయమున సెల్ఫు కొట్టిన మూలుగు తప్పలేదు. మేము పై రీతిని కొలువగా ఎర్తు ప్రక్కన ఒక ఓల్టుకు మించిన భేదము కనిపించెను. ఇంజనునుండి ఛాసిస్సునకు పోవు ఎర్తు పట్టీ బోల్టు క్రింద త్రుప్పుతో నిండి, ఉల్లిపొరవలె చిట్లుచుండెను. గరుకు కాగితముతో గీచి, కొత్త వాషరు వేసి బిగించిన పిదప బ్యాటరీ యొద్ద 14.1 వచ్చెను. పాత ఆల్టర్నేటరు అప్పటికే పాత యినుము క్రింద అమ్ముడుపోయెను. అది నిజముగ చెడినదో లేదో ఇక ఎవరు చెప్పగలరు?

కాలువలు రెండును మంచివై, బెల్టు బిగువుగానుండి, ఓల్టులు మాత్రము తక్కువైనచో అప్పుడు ఆల్టర్నేటరును నిందింపవచ్చును. అందుసైతము సాధారణముగా పోవునవి కార్బన్లు, కటౌటు. ఇవి మార్చుటకు అయ్యెడి ఖర్చు ఆల్టర్నేటరంతయు మార్చుటకన్న చాల తక్కువ. లావు తీగె మేకునొద్ద మంచి ఓల్టులే యున్నను భారము వేయగనే కూలిపోవు ఆల్టర్నేటరునందు డయోడులు పోయియుండును. ఆల్టర్నేటరు లోపల పుట్టునది అటునిటు మారుచుండు ఏ.సి. ప్రవాహము, డయోడులు దానిని ఒక్క దిక్కునకే పారునట్లు చేయును. ఇవి మదుమునందలి ఒకవైపు తలుపులవంటివి. మీటరును ఏ.సి. ఓల్టులయొద్ద నుంచి, ఇంజను నడచుచుండగా బ్యాటరీపై చూచినచో అర ఓల్టుకు మించి చూపరాదు. మించిన తలుపొకటి విరిగినదన్న మాట. దీనికి తోడు పాటల పెట్టెలో ఇంజను వేగముతో హెచ్చు తగ్గు గుయ్యిమను ధ్వని వినిపించుటయు కలదు.

మితిమీరిన ఛార్జింగును గూర్చి తక్కువమంది ఆలోచింతురు, బండి చక్కగా స్టార్టగుచుండును గనుక. కాని మాటిమాటికి డిస్టిల్డు నీరు పోయవలసివచ్చుట, కుళ్లిన గ్రుడ్డువంటి వాసన, బ్యాటరీ ప్రక్కలు ఉబ్బుట, దీపపు బల్బులు తరచుగా మాడుట దీని గుర్తులు. కటౌటు చెడి మదుము మూతపడకున్నదని తెలియును. ఆలస్యము చేసిన కొత్త బండ్లలో వేలరూపాయల కంప్యూటరు పెట్టెలు మాడిపోవును. నీటిని గూర్చి ఒక మాట: సెల్లులలో బావినీరు, బోరునీరు పోయరాదు, వానియందలి లవణములు పలకలను పాడుచేయును. త్రాగుటకు వచ్చు ఫిల్టరు నీటినిసైతము డిస్టిల్డు నీరని నమ్మరాదు. నీటిమట్టము పలకలపైన అర అంగుళము ఉన్న చాలును. యాసిడు ఎన్నడును పోయరాదు. సెల్లులనుండి ఆవిరియై పోవునది నీరే గాని యాసిడు కాదు.

ఇక గండి. రాత్రి తీసినప్పుడు 12.6 ఉండి, రెండు మూడు దినములు నిలుపగనే చచ్చిపోవు బండిలో ఏదో ఒకటి నిద్రలోసైతము త్రాగుచున్నది. దానిని పట్టుటకు మీటరును పది ఆంపియర్ల గుర్తునకు మార్చి, ఎఱ్ఱ పుల్లను మీటరుపై పది ఆంపియర్ల రంధ్రమునందు గ్రుచ్చి, ఎర్తు తీగెను విప్పి, ఆ తీగెకును ఋణ కంబమునకును నడుమ మీటరును ఉంచవలెను. తలుపులన్నియు మూసి, తాళము తీసి, కొత్త కార్లైనచో అరగంటవరకు ఆగి చూడవలెను. వాని పెట్టెలు నిద్రపోవుటకు కొంత వ్యవధి పట్టును. మీటరు మధ్యనుండగా సెల్ఫు కొట్టరాదు. కొట్టిన మీటరు ఫ్యూజు తక్షణమే పోవును. కారునకు 0.05 ఆంపియరు వరకు సహజము. గడియారమును తాళపు కాపలాయును అంతమాత్రము త్రాగును. అర ఆంపియరు చూపెనేని లెక్క వేసి చూడుడు: దినమునకు 12 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీ మొత్తము 35 ఆంపియర్-గంటలు. మూడవనాటికి చెరువు ఎండినది. అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు పోవలెను. ఏ ఫ్యూజు తీయగా అంకె పడిపోవునో ఆ మార్గమున గండి గలదు. ఏ ఫ్యూజు తీసినను పడనిచో ఆల్టర్నేటరు లావు తీగెను విప్పి చూడవలెను. అప్పుడు పడిన, కారణము ముందు చెప్పిన డయోడే.

మన ప్రాంతపు ట్రాక్టర్లలో గండికి మొదటి కారణము బండితో వచ్చినది కాదు, మనము పెట్టించినది. రంగురంగుల దీపములు, రెండు మూడు పాటల పెట్టెలు ఫ్యూజు లేకుండ నేరుగా బ్యాటరీకి కలుపబడియుండును. పెండ్లివారి ఊరేగింపునకు ఇవి శోభయే కావచ్చును; నాట్ల ఉదయమున శోభ తీయవు. పెట్టదలచినవారు తాళము తీయగనే ఆగునట్లు, నడుమ ఫ్యూజుతో కలిపించుకొనవలెను.

దోషమేమియు లేకయే బ్యాటరీ దిగిపోవు బండ్లును కలవు. ఒక్కసారి సెల్ఫు కొట్టినప్పుడు రమారమి 250 ఆంపియర్లు మూడు సెకండ్లు పోవును. అది లెక్కకు 0.2 ఆంపియర్-గంట మాత్రమే, ఇంజను నడచిన ఒకటి రెండు నిమిషములలో తిరిగి వచ్చును. కాని ఇంజను ఆపి రెండు పెద్ద దీపములు వెలిగించినచో గంటకు 9 ఆంపియర్-గంటలు కారును. 75 ఆంపియర్-గంటల ట్రాక్టరు బ్యాటరీ నాలుగు గంటలలో సగమునకు వచ్చును. కళ్లమునందు రాత్రి నూర్పునకు ట్రాక్టరు దీపములు వేసికొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులు వచ్చినప్పుడు మన గ్రామములలో పెక్కు దినములు కరెంటు లేదు. అట్టి దినములలో బండి బ్యాటరీనుండి దీపములు, ఫోనులు నడుపుకొనుట తప్పు కాదు. ఉదయసాయంకాలములు అరగంటసేపు ఇంజనును నడపి, మీటరుతో 12.2కు దిగకుండ చూచుకొనవలెను.

గత కొన్నేండ్లలో వచ్చిన కార్లలో కంప్యూటరు పెట్టె ఛార్జింగును అవసరమునుబట్టి హెచ్చించి తగ్గించుచుండును. ఒకప్పుడు 12.8, ఒకప్పుడు 14.8 చూపినను దోషము కాకపోవచ్చును. అట్టి బండ్లను పెద్ద దీపములు వేసి, కొంతసేపు నడపి, పలుమారులు కొలిచి గాని తీర్పు చెప్పరాదు.

ఒక పాత అలవాటును మాత్రము మానవలసినదని కోరుచున్నాము. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగెను పీకి, ఇంజను ఆగకున్న డైనమో మంచిదని చెప్పుట డైనమోల కాలపు పరీక్ష. నేటి బండిలో అట్లు చేసిన ఓల్టులు ఒక్కసారిగా ఎగసి డయోడులను, కంప్యూటరు పెట్టెను కాల్చివేయును. ట్రాక్టరునకో ట్రైలరునకో వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగెలను, ఆల్టర్నేటరు తీగెను ముందుగా విప్పవలెను. జంపు ఇచ్చునప్పుడు ధనమునకు ధనము, ఋణమునకు ఋణము. చివరి నల్ల తీగెను చచ్చిన బ్యాటరీకి కాక, దూరముగా ఇంజను ఇనుమునకు తగిలింపవలెను. ఛార్జగుచున్న బ్యాటరీనుండి మండెడి వాయువు వెలువడును గనుక దాని మూతలు తీసి చుట్టవెలుగున లోపలికి తొంగిచూచుట ప్రాణాపాయము. యాసిడు కంటబడినచో వెంటనే చాలసేపు మంచినీటితో కడిగి వైద్యునియొద్దకు పోవలెను.

పనికిరాని బ్యాటరీని పగులగొట్టి సీసము తీయుట, యాసిడును పొలము గట్టున పారబోయుట కొన్నిచోట్ల చూచుచున్నాము. సీసము బిడ్డల మెదడునకు విషము. ఒకసారి మన్నులో కలిసినది పోదు. 2022 ఆగస్టునందు ప్రకటింపబడిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలనుబట్టి పాత బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులది. కొత్తది కొనునప్పుడు పాతదాని నచటనే యిచ్చి దాని విలువను బిల్లులో తగ్గించుకొనవచ్చును.

సంఘమునకు మీటరొకటి, హైడ్రోమీటరొకటి కొని కార్యాలయమునందు ఉంచిన సభ్యులు వంతులవారీగా తీసికొనిపోవచ్చును. రెంటి ధర కలిపినను ఒక్క ట్రాక్టరు బ్యాటరీ ధరకు చాల దూరము. తీసికొనిపోయినవారు ఉదయపు అంకె, సెల్ఫు కొట్టినప్పటి అంకె, ఇంజను నడచునప్పటి అంకె, ఈ మూడింటిని తేదీతో సహా ఒక కాగితముపై వ్రాసి తెచ్చినచో దోషము ఎక్కడ నున్నదో కార్యాలయమున కూర్చుండియే చాలవరకు చెప్పగలము.